సున్నం గీతలు

"ఎవరయ్యా నువ్వు? నా పొలంలో ఈ సున్నం గీతలేంటి? ఇదేమైనా ఆటస్థలం అనుకున్నావా?"

గట్టు మీద నుంచే రైతమ్మ గొంతు చించుకుంది.

భూకంపం వచ్చి నెల కావస్తోంది. ఆమె పొలం నిలువునా నెర్రెలు విచ్చింది. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదామె. కోడలితో కలిసి గంపల్లో మట్టి మోసి, సగం పగుళ్లు అప్పుడే పూడ్చేసింది.

మిగిలిన పగులు వెంబడి ఒక పెద్దాయన వంగి, బకెట్లోంచి సున్నం పోస్తున్నాడు.

"ఇంక పూడ్చకు తల్లీ," అన్నాడు తలెత్తకుండానే. "కొలతల అధికారి వచ్చి నష్టం రాసుకునేదాకా ఉండనీ."

"నా భూమికి తగిలిన దెబ్బ నలుగురికీ చూపించి జాలి అడుక్కోవాలా? నాకు చేతకాదు."

"హక్కు అడగడానికి జాలెందుకు?"

తాను పాతిన మేకుల మధ్య నీళ్లు నింపిన సన్నటి గొట్టం పట్టి, నేల ఎత్తుపల్లాలు చూసి ఏదో రాసుకున్నాడాయన.

"తూర్పు వైపు జానెడు కుంగింది. పై మడికి ఇక నీళ్లెక్కవు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. బీటలు పడ్డ భూముల్ని కారుచౌకగా కొట్టేయాలని దళారులు తిరుగుతున్నారని ఊరంతా చెప్పుకుంటోంది. ఇన్ని వంకలు పెట్టేవాడు దళారి కాక ఇంకెవడు?

బకెట్ లాక్కుని గట్టవతలికి విసిరేసింది. మేకులు పీకేసింది.

"ఈ పొలం అమ్మేది లేదు. నడు!"

ఆయన రాసుకున్న కాగితం కోడలి చేతిలో పెట్టి, బకెట్ వెతుక్కుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా అత్తాకోడళ్లు మిగతా పగుళ్లు కూడా పూడ్చేశారు.

మూడో రోజు అధికారి వచ్చాడు. పొలమంతా తిరిగి పెన్ను తీశాడు.

"పగుళ్లేవీ లేవు కదమ్మా. నష్టం లేదని రాసుకుంటున్నా."

"పూడ్చేశానండీ!"

"కళ్లకి కనిపించంది ఎలా రాయను? జాబితాలో పేరుంటేనే చదును చేసే యంత్రాలొస్తాయి."

ఆమె పార అందుకుంది.

"అయితే పెన్ను ఆపండి. పూడ్చిన చోటల్లా తవ్వి చూపిస్తా. పొద్దు గూకేదాకా తవ్వుతా. మీరిక్కడే నిలబడి చూడండి!"

ఆమె నాలుగు పారలు తవ్వేలోపే కోడలు ఇంటికి పరిగెత్తి ఆ కాగితం తెచ్చింది. అప్పటికి మిగిలిన ప్రతి పగులు లోతు, వెడల్పు, కుంగిన చోటు, తేదీతో సహా ఉన్నాయి.

అధికారి దాన్ని పై నుంచి కింది దాకా చదివాడు. తర్వాత 'నష్టం ఉంది' అని రాశాడు.

"ఈ చేతిరాత ఇప్పటికి ఎనిమిది ఊళ్లలో చూశానమ్మా. ఒక్క అంకె తప్పు పోలేదు."

"ఇంజనీరా ఆయన?"

"రైతే."

ఆమె చేతిలో పార ఆగిపోయింది. సిగ్గుతో ముఖం కందిపోయింది.

"నోటికొచ్చినట్టు తిట్టి తరిమేశాను. ఆయన పొలం ఎక్కడో చెప్పండి. కోడలూ నేనూ వెళ్లి మట్టి మోస్తాం."

అధికారి తల దించుకున్నాడు.

"ఇంకెక్కడి పొలమమ్మా, మొదటిసారి నీళ్లు పెట్టగానే లోపలి పగుళ్లు విచ్చుకుని మొత్తం వాగులోకి జారిపోయింది. ఆయనా మీలాగే పగుళ్లన్నీ పూడ్చేసుకున్నాడు, అది చూసి నష్టం లేదని రాసింది నేనే."