దొరకని ఝ

తెనాలిలో ఇప్పుడు బోర్డులు రాసేవాళ్లు లేరు. కొట్లమీద అన్నీ డిజిటల్ తెరలే. ఆ తెరల నిండా మాత్రం పెయింటర్ భూషణం అక్షరాలే కనిపిస్తాయి. ఆయన పోయిన ఏడేళ్లకు, పాత ఫోటోల్లోని బోర్డులు చూసి ఒక కంపెనీ ఆయన రాతను ఫాంటుగా తయారుచేసింది. మందుసీసా మీదా, బస్సు మీదా అదే రాత. ఆయన భార్య ఝాన్సీ బజారుకెళ్తే ఎటు తిరిగినా ఆయనే పలకరించినట్టుండేది. ఇంటికొస్తే పలకరించేవాళ్లు లేరు.

ఒకరోజు ఆ కంపెనీ నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది.

"అమ్మా, ఆయన రాసిన 'ఝ' ఎక్కడా దొరకలేదు. ఏ కొట్టు పేరులోనూ లేదు. మీ దగ్గరేమన్నా ఉందా?"

ఝాన్సీ ట్రంకుపెట్టె మీది దుప్పటి తీసింది. పెళ్లయిన కొత్తలో భూషణం దానిమీద ఎర్ర రంగుతో ఆమె పేరు రాశాడు. ఫోటో తీయడానికి హిమజ ఫోన్ ఎత్తగానే ఝాన్సీ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. మిగతావన్నీ ఊరికిచ్చేశాగా. ఇదొక్కటీ నాకుండనీ."

"అయితే యంత్రంతో గీయించాల్సొస్తుందమ్మా."

"గీయించుకోండి."

నెల తర్వాత ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు తెరమీద ఆమె పేరు వెలిగింది. 'న్సీ' ఆయనదే. మొదటి అక్షరం ఎవరిదో. నర్సు వచ్చి భుజం తట్టి పిలిచేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.