రామకోటి పుస్తకంలో అంకెలు

నవంబరులో ఒక ఉదయం దీపం పెట్టి రామకోటి రాసుకుంటున్నాను. పెద్ద తమ్ముడు పూర్ణచంద్ర అమ్మకు కాఫీ కలుపుతున్నాడు. చిన్నవాడు ధనరాజు నోట్లో బ్రష్షుతోనే కేకేశాడు.

"దీదీ, కంప్యూటర్ మళ్లీ చచ్చింది. తెరమీద అంకెలు రాసిపెట్టు, తప్పెక్కడుందో అవే చెప్తాయి. ఆపేస్తే పోతాయి."

అది యూనిక్స్ తరహా పాత యంత్రం. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామైన కెర్నల్‌ను వాడే తిరగరాశాడు. అంకెల్ని చేతిలో ఉన్న పుస్తకంలోనే రాశాను.

డిసెంబరులో సునామీ నీళ్లు మా దీవి ఒడ్డున జంగ్లీఘాట్‌లో మా ఇంట్లోకొచ్చాయి. ధనరాజు అప్పుడింట్లో లేడు. పూర్ణచంద్ర అమ్మను భుజాన వేసుకుని మేడెక్కాడు. కంప్యూటర్ తడిసింది. ఆరబెట్టాక నడిచింది గానీ, రోజూ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అంకెలు రాసేదాన్ని. ధనరాజు వాటివైపు చూసేవాడే కాదు.

"అన్న దానికి ఉప్పునీళ్లు తాగించాడు, ఇంకేం చూడాలి? నా ఆరేళ్ల పని బర్బాద్!" అని అన్నమీద పడేవాడు.

"అమ్మను వదిలేసి దాన్నెత్తమంటావేంట్రా?"

"రెండోసారి దిగుంటే చచ్చిపోయేవాడివా?"

మార్చిలో పూర్ణచంద్ర అమ్మను తీసుకుని పక్క దీవిలోని రంగత్ వెళ్లిపోతానని పెట్టె సర్దాడు. అప్పుడు పుస్తకం తెచ్చి ఇద్దరిముందూ పెట్టాను. నవంబరునాటి అంకెలే సునామీ తర్వాతా ఉన్నాయి. తప్పు సముద్రానిది కాదు, ధనరాజు రాసినదానిది.

ధనరాజు తల దించుకున్నాడు. పూర్ణచంద్ర మాత్రం నావైపే చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది, దీదీ?"

"జనవరిలో. చిన్నవాడు కుంగిపోతాడని ఊరుకున్నాను."

ఆ సాయంత్రం తమ్ముళ్లిద్దరూ మూడు నెలల తర్వాత ఒక్క మాటమీదకొచ్చారు. పూర్ణచంద్ర ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. రంగత్‌లో పిన్ని దగ్గరికి, తెలిసీ దాచిన నేనే వెళ్లాలి. అమ్మ కూడా సరేనంది.