మచ్చుకు పిడికెడు

"బండి ఆడనే పెట్టు పెద్దమనిషీ. నడిచి పో" అన్నాడు వరంగల్ చౌరస్తాలో కానిస్టేబుల్.

రాజేశ్వర్ రావు స్కూటర్‌ను బారికేడ్ పక్కన నిలబెట్టి నడక మొదలుపెట్టాడు. మీసం సరిగా రాని కుర్రాడు తనను 'నువ్వు' అంటాడు! బీట్ బజార్‌లో నలభై ఏళ్లుగా మిర్చి వ్యాపారం చేస్తున్న తనను! లాక్‌డౌన్ పుణ్యమా అని చేతిలో లాఠీ ఉన్న ప్రతివాడూ కలెక్టరైపోయాడు.

పొద్దున తొమ్మిది దాటింది. పది తర్వాత రోడ్డు మీద మనిషి కనిపించకూడదు.

మామూలు రోజుల్లో ఈ రోడ్డులో భుజాలు రాసుకోకుండా నాలుగడుగులు వేయలేం. ఆటోలు, తోపుడు బండ్లు, హమాలీల కేకలు. ఇప్పుడు అన్నీ మూసిన షట్టర్లే. రోడ్డు మధ్యలో పడుకున్న కుక్క ఆయన వస్తున్నా లేవలేదు. కుక్కలకు కూడా తనంటే లెక్క లేకుండా పోయిందని విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లాడు.

మందుల షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నలుగురు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరికి రెండేసి మాస్కులు.

'పిరికి సన్నాసులు' అనుకున్నాడు.

ఆయన మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. "ముక్కు మూసుకుంటే యాపారం ఎట్ల నడుస్తది?" అని పొద్దున్నే భార్య శకుంతలను కసిరి వచ్చాడు. కాయ విరిచి వాసన చూస్తే అది ఏ మండలానిదో, ఎప్పుడు ఏరిందో చెప్పేస్తానని ఆయన గొప్ప. అందులో సగం నిజమే.

బీట్ బజార్ సందు మలుపు తిరిగాడు. నలభై ఏళ్లలో మొదటిసారి ఒక్క తుమ్మయినా రాకుండా సందు సగం నడిచేశాడు. మోరీ కంపు కూడా లేదు. జనం లేకపోతే ఊరు ఎంత శుభ్రంగా ఉంటుందో! ఇన్నాళ్లూ ఈ గలీజంతా వీళ్లదేనన్నమాట.

షాపు మెట్ల మీద నెక్కొండ రైతు మొగిలయ్య కూర్చున్నాడు. పక్కన మూతి విప్పిన మిర్చి బస్తా. తనిఖీకని దాన్ని విప్పించిన హోంగార్డు అక్కడే నిలబడి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.

రాజేశ్వర్ రావు వెనక్కి గెంతాడు.

"ఇంట్ల పండక డ్యూటీకి ఎందుకొస్తరయా? ఊరందరికి అంటిస్తరా?"

"నాకేం లేదు సార్..." అంటూనే హోంగార్డు ఇంకో తుమ్ము తుమ్మి, సందు చివరికి వెళ్లిపోయాడు.

మొగిలయ్య లేచి చేతులు జోడించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నే మందు పట్టించి వచ్చాడని రాజేశ్వర్ రావు అప్పుడే తేల్చేశాడు.

"దండం సేటు. నాలుగింటికే బండి మీద ఎల్లిన, పోలీసోళ్లు అడ్డం పెట్టకముందే ఈడికొచ్చిన. యార్డు బందున్నది. గీ ఒక్క బస్తా తీస్కోండ్రి. మిరుగం కార్తె వస్తాంది, పత్తి ఇత్తనాలు తేవాలె. గిది అమ్ముడుపోకపోతే ఈయేడు చేను పడావే."

రాజేశ్వర్ రావు బస్తాలో చేయిపెట్టి మచ్చుకు పిడికెడు కాయలు తీశాడు. ఒకటి విరిచి, ముక్కుకు ఆనించి, గట్టిగా పీల్చాడు. ఇంకొకటి విరిచాడు. మూడోది కూడా విరిచి ముఖం చిట్లించాడు.

"కోల్డ్ స్టోరేజీల మురిగిన సరుకు నాకు అంటగట్టొచ్చినవా?"

"అయ్యో, మొన్నమొన్న ఏరిన కాయ సేటు. నా చేనుదే. పిల్లల మీద ఒట్టు."

"నీ ఒట్లు ఎవనిక్కావాలె? నా ముక్కు అబద్ధమాడది. ఘాటే లేదు. తీస్కపోయి గొడ్లకెయ్యి."

"జర మల్లొక్కసారి సూడుండ్రి. మీ కాల్మొక్త..."

"నలభై ఏండ్ల సంది సూస్తాన. నువ్వు చెప్తవా నాకు? తాగొచ్చి మోసం జేస్తే నమ్మెటోడు ఇంకోడున్నడేమో, పో."

మొగిలయ్య బస్తా మూతి బిగించి కట్టాడు. కళ్లు తుడుచుకుని, బస్తాను బండి మీదికి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మచ్చుకు తీసిన కాయలు తిరిగివ్వడం బజారులో ఆనవాయితీ కాదు. మిగిలినవి రాజేశ్వర్ రావు లాల్చీ జేబులో పోసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి కాళ్లు లాగేస్తున్నాయి. బయటి బట్టలు బయటే విప్పించి, నానబెట్టడానికి లాల్చీ తీసుకెళ్లింది శకుంతల. సాయంత్రానికి ఆయన కుర్చీలోంచి లేవలేకపోయాడు.

"మొకమంత పీక్కపోయింది" అంది ఆమె. "బజారంత బందున్నప్పుడు మీరొక్కరే దొర లెక్క నడుస్తాంటే అందరి కండ్లు మీ మీదనే పడ్డయ్. దిష్టి తీస్త, వాకిలి దిక్కు తిరిగి కూసోండ్రి."

ఆ మాట ఆయనకు నచ్చింది. పడదా మరి, దిష్టి! కిటికీల చాటునుంచి చూసిన పిరికివాళ్లంతా ఏడ్చే ఉంటారు.

శకుంతల గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పింది. వాటిని ఆయన వెనకాల రగిలించి పెట్టిన కొబ్బరి చిప్పల నిప్పుల మీద వేసింది. చిటపటలు వినిపించాయి. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు.

రాజేశ్వర్ రావు గుండెల నిండా గాలి పీల్చాడు. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. పొగ కళ్ల ముందునుంచి పోతోంది కానీ ఘాటు జాడే లేదు. ఆయన తొడ చరిచాడు.

"చూసినవా? ఇసుమంత ఘాటు లేదు! ఎంతమంది ఏడ్చిన్రో నన్ను చూసి!"

గర్వంగా వెనక్కి తిరిగి చూశాడు: తన లాల్చీ జేబులో దొరికిన మొగిలయ్య మిరపకాయల ఘాటుకు ఊపిరాడక, కొంగు ముక్కుకు అదిమిపట్టుకుని, ఎర్రబడ్డ కళ్ల నుంచి నీళ్లు కారుతుండగా, శకుంతల గోడ పట్టుకుని పెరట్లోకి పరుగెడుతోంది.