ఈదలేని తోకలు

కిర్రు... కిర్రు... కిర్రు.

కళ్ళు మూసుకుని ఆబోతుల కాపరి ఆ చప్పుడే వింటున్నాడు. సూక్ష్మదర్శిని మర అటు రెండు చుట్లు తిరిగింది, ఇటు ఒక చుట్టు తిరిగింది, ఆగిపోయింది. పశువుల డాక్టరు ఊపిరి కూడా దానితోపాటే ఆగినట్టయింది.

"ఏమయ్యా, ఎవరిదిది?"

కాపరి కళ్ళు తెరిచాడు. "ముందు చూడండి డాక్టరుగారూ. పేరు తరవాత చెబుతాను."

"మళ్ళీ మొదలెట్టావూ! పోయినసారి పేరు వినగానే పెదవి విరిచానని నీ కోపం. నాకు తెలియదనుకున్నావా? నీ ముద్దుల ఆబోతు చుక్కగాడి వీర్యమే అయ్యుంటుంది."

కాపరి ఈ వీర్యకేంద్రంలో పదిహేనేళ్ళుగా ఆబోతులకు మేత వేశాడు, ఒళ్ళు తోమాడు, గాజు గొట్టాలు ఈ గదికి మోసుకొచ్చాడు.  ఈ పొద్దు మాత్రం చల్లబడకూడదని గొట్టాన్ని చొక్కా లోపల, గుండెకు ఆనించి తెచ్చాడు.

"కొండంత ఒంటికి ఇంత చుక్కేనా?"

"అంతే వచ్చిందండి."

డాక్టరు మళ్ళీ వంగాడు. ఈసారి లేచేటప్పటికి ముఖంలో నవ్వు లేదు.

"తలలే వింతగా ఉన్నాయి, పీలగా, చిన్నగా. ఇక తోకలంటావా... రా, నువ్వే చూడు."

కాపరి చూశాడు. వెలుగు వలయంలో వందల కణాలు. కొన్నిటికి తోక మొండిగా ఆగిపోయింది, కొన్నిటికి సుడి తిరిగి తలకే చుట్టుకుంది, కొన్నిటికి లేనే లేదు. తెడ్లు విరిచేసిన పడవల్లా ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదలలేదు.

"చచ్చిపోయాయాండీ?"

"బతికే ఉన్నాయి. ఈదలేవు, అంతే. తోక లోపల సన్నటి పోగులు వరస తప్పకుండా పేర్చి ఉండాలి. ఆ పేర్చే జన్యువు చెడింది. మేత వల్ల వచ్చిందీ కాదు, మందుతో పోయేదీ కాదు."

"మరి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"తల్లి నుంచి ఒక చెడ్డ ప్రతి, తండ్రి నుంచి ఒకటి. వాళ్ళ దగ్గర మంచిది కూడా ఒకటుంటుంది గనక వాళ్ళకేం కాదు. రెండు చెడ్డవీ కలిసినవాడికే ఈ రాత."

"తల్లి నుంచి కూడానా?"

"సగం వాటా తల్లిదే."

కాపరి జేబులో ఫోను మోగింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఎత్తాడు. అమ్మ.

"ఒరేయ్, నీ బావమరిది వచ్చి కూర్చున్నాడు. నీ పెళ్ళాం పెట్టె సర్దేసింది, నాలుగింటి రైలుకి పంపించేస్తున్నాను. ఎనిమిదేళ్ళు చూశాం, చాల్లే. గొడ్రాలిని సాగనంపితే గానీ నీకు ఇంకో పిల్లని వెతకలేను."

"నేనొచ్చేదాకా ఎవరూ గడప దాటొద్దమ్మా."

"వచ్చి ఏం చేస్తావురా? బంగారంలాంటి పుటక నీది. నీకేం తక్కువ?"

కాపరి ఫోను ఆపేశాడు. గోడగడియారంలో మూడు దాటింది. కిటికీ అవతల, ముసలి ఆబోతుల కోసం రావలసిన కబేళా లారీ వచ్చి ఆగింది. ఆ ఇంజను మోతకు కొట్టంలో చుక్కగాడు రంకె వేశాడు.

"ఆవులో లోపం ఉండొచ్చు కదండీ?" కాపరి అడిగాడు.

"దాని పాపమేముందయ్యా? వంద ఆవుల్ని మార్చినా ఇంతే. ఎవరైనా గొడ్డుబోతన్నారా ఏమిటి దాన్ని?"

"అన్నారండి. అనరాని మాటలే అన్నారు."

"నోరులేని జీవం కాబట్టి సరిపోయింది. మనిషైతే ఏ నుయ్యో గొయ్యో చూసుకునేది."

కాపరి గడియారం వైపు చూశాడు. "ఇక దారే లేదాండీ?"

"మనుషులకైతే కణాన్ని సూదితో పట్టి అండంలోకి దింపుతారు. అదీ నిలిస్తే నిలిచినట్టు. ఆబోతుకి ఉన్న దారి ఒకటే." డాక్టరు గడ్డం లారీ వైపు తిరిగింది.

"అయితే ఉన్నదున్నట్టు కాగితం మీద రాసివ్వండి. తప్పు ఆడదానిది కాదని కూడా రాయండి."

"ఓరి నీ అభిమానం బంగారం కానూ! ఆవుకి కూడా యోగ్యతాపత్రమా?" డాక్టరు పకపకా నవ్వాడు. నవ్వుతూనే రాశాడు, సంతకం గీశాడు. ముద్ర చేతిలోకి తీసుకునేసరికి నవ్వు ఆగింది. "ఇది పడిందంటే నేను అడ్డం పడినా లారీ ఆగదు. తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసేనండి."

ముద్ర ఠప్పున పడింది. పైన ఖాళీగా వదిలిన గీత మీద కలం ఆనించి డాక్టరు తలెత్తాడు.

"ఇప్పటికైనా చెప్పు. ఏ పేరు రాయను?"

కాపరి తన పేరు చెప్పాడు.