ఒక గుర్తు తక్కువ

ఆవిడ రావడం అది నాలుగోసారి.

"మళ్ళీ అదే కాగితమా అమ్మా?" అన్నాడు చీఫ్ ఇంజినీరు, కళ్ళు నులుముకుంటూ.

ప్రోగ్రాములు రాసే ఒక పాత భాషకి కంపైలరు తయారుచేసే ఆఫీసు అది. రాసినదాన్ని మెషీనుకి అర్థమయ్యేలా మార్చడం, తప్పులుంటే పట్టుకుని ఆపడం ఆ కంపైలరు పని.

డెబ్బై దాటిన పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసం తీరాక నోరు విప్పింది.

"ఈ భాషలో 'సమానమా?' అని అడగాలంటే సమాన గుర్తు రెండుసార్లు పెట్టాలి. పొరపాటున ఒకటే పెడితే, అడగడం పోయి విలువే మారిపోతుంది. మీ కంపైలరు చూసి కూడా నోరు మెదపదు. తప్పని ఆపేయండి బాబూ."

"రాసేవాళ్ళు చూసుకుని రాయాలమ్మా. ఆపేస్తే, కావాలని అలా రాసుకున్న పాత ప్రోగ్రాములు వేలకి వేలు ఆగిపోతాయి. వాళ్ళంతా నా పీక మీద కూర్చుంటారు."

"అలిసిపోయిన కళ్ళకి ఒక గుర్తు తక్కువైందని ఎలా కనిపిస్తుంది?"

"మీకెందుకమ్మా ఇంత పట్టుదల? మీవాళ్ళెవరైనా నష్టపోయారా?"

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి లేచింది.

"పనీపాటా లేనట్టుంది," అనుకున్నాడాయన.

తర్వాత ఆవిడ రాలేదు.

రెండు నెలలకి ఒక ఆసుపత్రి నుంచి ఫోను.

రోగికి మందెక్కించే పంపు, దాన్ని నడిపేది ఆ భాషలో రాసిన ప్రోగ్రామే. 'మోతాదు సున్నా అయితే అలారం మోగించు' అని రాసినచోట ఒక గుర్తు తక్కువైంది. పంపు మోతాదునే సున్నా చేసేసి, చప్పుడు చెయ్యకుండా తిరుగుతూ ఉంది.

నర్సు కనిపెట్టేసరికి రోగి కొన ఊపిరితో ఉన్నాడు. ఎలాగో బతికాడు.

ఆ ప్రోగ్రాము రాసినమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారట.

చీఫ్ ఇంజినీరు ఆ వారమే కంపైలరు మార్పించాడు. నాలుగు దిక్కుల నుంచీ తిట్లొచ్చాయి. పడ్డాడు.

కాగితం మీది చిరునామా పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు. కూతురు తలుపు తీసింది.

"అమ్మ పోయి నెలయిందండీ."

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను... ఆవిడ అడిగింది చేశాం."

కూతురు కుర్చీ చూపించింది.

"ఆ భాష తయారుచేసిన నలుగురిలో అమ్మ అందరికన్నా చిన్నదండీ, పేరు ఎక్కడా ఎక్కలేదు గానీ, ఏ పనికి ఏ గుర్తో ఎంచింది తనే."