ప్రత్యయశాస్త్రం అంటే...

“ఖద్దరు వాళ్ళింటికి నా కూతురా? కుదరదు! మన ప్రత్యయశాస్త్రం వేరు, వాళ్ళ ప్రత్యయశాస్త్రం వేరు!”

బీడీ ఆకుల చేట పక్కకి తోసి లేచాడు కోరన్. మనం భావజాలం అనేదాన్ని కేరళలోని కణ్ణూరులో ప్రత్యయశాస్త్రం అంటారు. ఎర్రజెండా పట్టినవాళ్ళ నోట ముప్పొద్దులా ఆడే మాట అది.

కూతురు రేష్న చేపల కూర దించి చెయ్యి కడుక్కుంది.

“నాన్నా, ఆ మాటకి అర్థం చెప్పు. చెప్పావంటే ప్రజిల్‌ని ఇవాళే మర్చిపోతా. ఒట్టు.”

“అదెంత పని! ప్రత్యయశాస్త్రం అంటే...” నలభై ఏళ్ళుగా మైకు ముందు ఆ మాట ఉరిమిన కోరన్ చొక్కా అందుకున్నాడు. “సాయంత్రం చెప్తాలే. యూనియన్ పనుంది.”

నేరుగా అబూట్టి టీకొట్టుకి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాడు.

“ప్రత్యయాలంటే వ్యాకరణం కదా కోరన్నా! మాట చివర తగిలించే తోకలు. తోకల కోసం పిల్ల పెళ్ళి ఆపుతావా?”

టీ సగంలో వదిలేసి పార్టీ ఆఫీసుకి పోయాడు. సెక్రటరీ కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడిచాడు.

“మనకి ఉండేది, వాళ్ళకి లేనిది. అదే ప్రత్యయశాస్త్రం.”

కోరన్‌కి అది భలే నచ్చింది. రేష్న ముందు మాత్రం నిలవదని తెలుసు.

చివరికి గ్రంథాలయం మెట్లెక్కాడు. పేపరు తప్ప పుస్తకం ముట్టని మనిషి పెద్ద నిఘంటువు అడిగేసరికి నళిని టీచర్ నవ్వాపుకుంది.

“ఇవాళ దానికెంత గిరాకీ! లోపల ఒకాయన గంట నుంచీ వదలడం లేదు. ఆయనతో కలిసి చూసుకోండి.”

లోపల బల్ల మీద వంగి, ఖద్దరు కండువాతో చెమట తుడుచుకుంటున్నాడు పవిత్రన్. ప్రజిల్ తండ్రి. పన్నెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. కోరన్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“ఆగరా కోరా!” పవిత్రన్ పేజీ మీంచి వేలు తియ్యలేదు. “ప్రత్యయశాస్త్రం అంటే ‘ఆశయసంహిత’ అన్నాడు ఇందులో. ఆశయసంహిత తిప్పితే ‘ప్రత్యయశాస్త్రం చూడుము’ అంటున్నాడు! నీకు తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకో. సాయంత్రంలోగా అర్థం చెప్పకపోతే మీ పిల్లని కోడలిగా తెచ్చుకోవాల్సిందేనని మావాడు పందెం వేశాడు!”