పడవవాడి ముఖం

"కట్! ఎవరావిడ, ఫ్రేములోకి వచ్చేసింది?"

దర్శకుడి కేకకు నీళ్ళతొట్టి చుట్టూ ఉన్న యూనిట్ అంతా ఉలిక్కిపడింది.

ప్రయాణికుల గుంపులో కూర్చోబెట్టిన ఒక పెద్దావిడ, తడిసిన కొంగు పిండుకుంటూ కెమెరా ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన్ని అలా తియ్యకండి బాబూ."

తీస్తున్నది యాభై ఏళ్ళ కిందట వంతెన దగ్గర జరిగిన పడవ ప్రమాదం కథ. మునిగే పడవలో జనాన్ని గాలికొదిలేసి, ముందుగా దూకేసింది పడవవాడేనని అప్పట్లో విచారణలో తేల్చారు. అందుకే కెమెరా వాడి కాళ్ళ దగ్గర పెట్టించాడు దర్శకుడు. కిందినుంచి లైటు. కళ్ళ మీద చీకటి. చూడగానే జనానికి ఒళ్ళు మండాలి.

"మరెలా తియ్యమంటారో సెలవియ్యండి," అన్నాడు వెటకారంగా.

యూనిట్ గొల్లుమంది.

ఆవిడ నవ్వలేదు. "కెమెరా ఆయన తలకి రెండు జానల ఎత్తున పెట్టండి. నీళ్ళు గడ్డం దాకా రావాలి. చేతులెత్తి, పైకి చూడాలి."

"పైనుంచి తీస్తే మనిషి చిన్నబోతాడమ్మా. ఈ పనిలో మేం నేర్చుకునే మొదటి పాఠం అదే."

"చిన్నబోడు. ఒక్కసారి చూడండి."

"ఏం, పడవవాడు మీకు చుట్టమా?"

"ఏమీ కాడు బాబూ."

కెమెరామన్ గడ్డం గోక్కున్నాడు. "భోజనాలకింకా పది నిమిషాలుంది గురువుగారూ. పెట్టి చూస్తే పోయేదేముంది?"

"సరే, నీ ముచ్చటెందుకు కాదనాలి!"

క్రేన్ తిప్పారు. నటుడు గడ్డం దాకా దిగాడు. చేతులెత్తి కెమెరావైపు చూశాడు.

మానిటర్ ముందు కూర్చున్న దర్శకుడు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

చుట్టూ నల్లటి నీళ్ళు. మధ్యలో ఒక్క ముఖం. పెదవుల్ని తాకి పోతున్న అల. పైకెత్తిన రెండు చేతులూ ఫ్రేము అంచులు దాటి ఎటో వెళ్ళిపోయాయి, ఆకాశం కిందపడకుండా ఆపుతున్నట్టు. అదే నటుడు, అదే ముఖం. భయం మాత్రం ఆ కళ్ళలో తన కోసం కాదు.

'కట్' చెప్పడం మరిచిపోయాడు దర్శకుడు.

"ఇలాంటి ముఖం నా సర్వీసులో చూడలేదు," అన్నాడు కెమెరామన్, గొంతు తగ్గించి. "కానీ గురువుగారూ, ఒక సందేహం. వాణ్ణి అంత పైనుంచి చూస్తున్నదెవరు?"

దర్శకుడు గిరుక్కున తిరిగాడు.

"ఆ అమ్మ ఏదీ? నా కుర్చీ వెయ్యండి ఆవిడకి!"

"వెళ్ళిపోయిందండీ," అన్నాడు జూనియర్ ఆర్టిస్టుల్ని తెచ్చే ఏజెంటు. "నటుడు చేతులెత్తగానే దణ్ణం పెట్టుకుంది. ఇక చాలని, గేటు దాటేసింది."

"ఎవరయ్యా ఆవిడ? ఎక్కడ దొరికింది నీకు?"

"నేను తేలేదండీ. ఈ కథ తీస్తున్నారని తెలిసి తనే వెతుక్కుంటూ వచ్చింది." ఏజెంటు నీళ్ళవైపు చూశాడు. "ఆ ప్రమాదంలో వంతెన దిమ్మ మీద ఒక్క నాలుగేళ్ళ పిల్ల ప్రాణాలతో దొరికింది కదండీ, అలలే విసిరేశాయని రిపోర్టులో రాసుకున్నారు..."

"అవును, చదివాను."

"ఆ పిల్ల ఈవిడేనండీ."